చేతికి చేతికి ఇచ్చిన కత్తి

ముప్పై ఏళ్లు సైన్సు టీచరుగా పనిచేశాను. నాకు కోపం ఎక్కువని చేవెళ్లలో ఎవర్నడిగినా చెబుతారు. హస్తవాసి, దిష్టి, ఎదురొచ్చిన మనిషి మంచిదా చెడ్డదా అనే కబుర్లు నా ముందు మొదలుపెట్టి పూర్తి చేసినవాళ్లు లేరు. మధ్యలోనే నోరు మూయించేదాన్ని. అలాంటి నేను ఒక నిక్షేపంలాంటి మనిషి నోట్లో మన్ను కొట్టాను. అదీ నా సైన్సు పరిజ్ఞానంతోనే! ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె గుభేలుమంటుంది. అందుకే ఆయన గురించి రాయడానికి కూర్చున్నాను.

ఆయన పేరు భిక్షపతి. ఊరు మొయినాబాద్ మండలంలో ఎంకపల్లి. నాకు ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది మొయినాబాద్ బడిలో నా దగ్గర ఏడో తరగతి చదివాడు. ఆ ఏడాదితోనే చదువు ఆపేసి తోటపనికి పోయాడు. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి నడుస్తాడు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని ఊళ్లో చర్చికి అందరికంటే ముందు వెళ్తాడు. చాపలు పరిచేదీ, గంట కొట్టేదీ ఆయనే. అబద్ధం ఆడడు. అబద్ధం ఆడాల్సిన పరిస్థితి వస్తే నోరు మూసుకుని తల పైకెత్తి ఆకాశం చూస్తాడు. పెళ్లయిన కొత్తలో ఆయన భార్య పద్మమ్మ కూర వండి, "మంచిగున్నదా?" అని అడిగితే చెయ్యి కడుక్కునేదాకా ఇంటి కప్పు వైపే చూశాడట. ఆ కథ చెప్పి పద్మమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. "ఈయనకు నచ్చకపోతే ఆకాశంల చుక్కలు లెక్కవెడ్తడు టీచరమ్మ" అంటుంది.

భిక్షపతి పని గులాబీలకు అంటు కట్టడం. అడవి గులాబీ మొక్క బెరడు మీద గాటు పెట్టి, మంచి రకం కొమ్మ నుంచి చిగురేసే కన్ను ఒకటి గీసి తీసి, దాన్ని ఆ బెరడు కిందికి దూర్చి, పలచటి ప్లాస్టిక్ పట్టీతో కనపడకుండా చుట్టేస్తారు. మూడు వారాల తర్వాత పట్టీ విప్పితే కన్ను పచ్చగా ఉందా, బతికినట్టు. నల్లబడిందా, చచ్చినట్టు. వందకు ఎనభై బతికితే మంచి పనివాడంటారు. భిక్షపతి కట్టినవి తొంభై అయిదు బతికేవి. ఇరవై రెండేళ్లుగా ఇదే లెక్క.

మా వైపు జనానికి ఇంకేం కావాలి? "భిక్షపతి చెయ్యి మంచిది" అన్నారు. అంటు కట్టే చెయ్యే కాదు, ఏది నాటినా బతికే చెయ్యి అన్నారు. ఎంకపల్లిలో టమాట నారు నాటాలన్నా, బోరు పక్కన కరివేపాకు పెట్టాలన్నా మొదటి మొక్క ఆయన చేత పెట్టించుకునేవాళ్లు. అందరిలోకీ అంతమ్మ అనే ముసలావిడ మరీ పట్టుదల మనిషి. భిక్షపతి వచ్చి మొదటి మొక్క పెడితే తప్ప కూలీలను మడిలోకి దిగనిచ్చేది కాదు. నేను వెక్కిరించేదాన్ని. "చెయ్యి కాదు అంతమ్మా, కత్తి పదును, కన్ను తీసే వాటం. అంతా సైన్సు!" అంటే ఆమె నా వంక జాలిగా చూసేది.

ఇది 2005 నాటి మాట. సాఫ్ట్‌వేర్ కంపెనీల పుణ్యమా అని మా రోడ్డు రోడ్డులా లేదు. నిన్న జొన్న చేను ఉన్నచోట ఇవాళ ప్రహరీ గోడ, దానికో ఇనుప గేటు, లోపల ఫామ్‌హౌస్. ఎంకపల్లి దారిలో జగదీశ్ అనే కుర్రవాడి నర్సరీ ఉంది. ఒకప్పుడు తులసి, మల్లె, బంతి నారు అమ్ముకునేవాడు. ఇప్పుడు పచ్చగడ్డి చాపల్లా చుట్టి లారీలకెక్కిస్తున్నాడు. రెండు సెల్‌ఫోన్లు పట్టుకుని తిరుగుతున్నాడు. ఆ చలికాలం అతనికి పెద్ద ఆర్డరు వచ్చింది. గచ్చిబౌలి వైపు ఒక కంపెనీ కొత్త ఆఫీసు చుట్టూ పెట్టడానికి పదిహేను వందల ఎర్ర గులాబీలు. ఆ పదిహేను వందలూ భిక్షపతే కట్టాలని జగదీశ్ పట్టుబట్టాడు. ఇది సరిగా చేస్తే నర్సరీలో అంటు పనంతా భిక్షపతి చేతికింద పెడతానని మాట కూడా ఇచ్చాడు.

సరిగ్గా ఆ పనికి మూడు రోజుల ముందు భిక్షపతి చేవెళ్లలో మా ఇంటికొచ్చాడు. మా పెరట్లో పసుపు గులాబీకి ఒక అంటు కట్టమని ఎప్పటినుంచో అడుగుతున్నాను. మొక్క ముందు గొంతుక్కూర్చుని, జేబులోంచి మడత కత్తి తీసి, పళ్లతో పట్టి లాగాడు.

"ఏందయ్యా అది? పళ్లు రాలగొట్టుకుంటవా?" అని అరిచాను.

"గట్టిగైంది టీచరమ్మ. గోరుకు తెరుసుకుంటలేదు."

"ఎప్పుడన్న సాఫ్ చేసినవా?"

"రోజు బూడిదతోని తోముత. రాయి మీద నూరుత."

"పైన కాదు, లోపల?"

"లోపలికి ఎట్ల పోతం?" అని నవ్వాడు.

అదిగో, అక్కడ నాకు పూనకం వచ్చింది. కత్తి లాక్కున్నాను. "రేపు పొద్దుగూకంగ వచ్చి తీస్కపో" అన్నాను. ఆయన ఏదో అనబోయాడు. నేను వినిపించుకోలేదు.

అది అరచేతిలో ఇమిడిపోయే కత్తి. శీశం చెక్క పిడి, రెండు చివర్లా ఇత్తడి తొడుగులు. చిటికెన వేలంత బ్లేడు పిడి గాడిలోకి మడుచుకుంటుంది. రెండో చివర ఎముకతో చేసిన చిన్న నాలుక ఉంటుంది, గాటు పెట్టిన బెరడును చిరగకుండా పైకి లేపడానికి. భిక్షపతికి పని నేర్పిన ముసలి మాలి పోతూ పోతూ ఇచ్చిన కత్తి. పాత రివిట్లు అరిగిపోతే చేవెళ్ల కమ్మరి ఒకాయన వాటి బదులు బ్లేడు తిరిగే చోటా, పిడికీ చిన్న స్క్రూలు బిగించాడు. స్క్రూ అంటే విప్పొచ్చు. విప్పొచ్చంటే నేను ఊరుకుంటానా?

మర్నాడు వరండాలో పాత పేపరు పరిచి కూర్చున్నాను. మా కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో మరలు విప్పి, ఏది ఎక్కడిదో మరిచిపోకుండా వరసగా గిన్నె మూతలో పెట్టాను. పిడి చెక్కలు రెండూ పైకి లేపాను. అబ్బబ్బ! లోపల చూడాలి! ఇరవై రెండేళ్ల మొక్కల పాలు, మామిడి జిగురు, ఎర్రమట్టి కలిసి తారులా గడ్డకట్టి ఉన్నాయి. ఆ గడ్డలో ఎప్పటిదో ఒక చీమ కూడా ఉంది. బ్లేడుకు అటూ ఇటూ ఉండాల్సిన పలచటి ఇత్తడి బిళ్లలు రెండూ ఎక్కడున్నాయో సూదితో గీకితే తప్ప కనిపించలేదు. ఇంత మురికితో ఈ మనిషి పని ఎలా చేస్తున్నాడా అని నోరు తెరిచాను.

అన్నీ కిరోసిన్‌లో నానబెట్టాను. పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. అగ్గిపుల్లకు దూది చుట్టి గాడి మూలమూలలా తిప్పాను. వెన్ను వైపు బ్లేడును బిగించి పట్టే స్ప్రింగు పట్టీని ఇసుక కాగితంతో మెరిపించాను. మెత్తటి గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ బిగించాను. ఆ తర్వాత కుట్టుమిషను నూనె డబ్బా తీసుకుని బ్లేడు తిరిగే ఇరుసులో పోశాను. స్ప్రింగు మీద పోశాను. చేసేదేదో నిండుగా చేద్దామని గాడి పొడుగునా కూడా పోశాను. బ్లేడు ఒకసారి తుడిచాను. గోరు తగిలిస్తే చాలు, టక్కున తెరుచుకుంటోంది. వేలు పెడితే టక్కున మూసుకుంటోంది. నా పనితనానికి నేనే మురిసిపోయి ఇరవై సార్లు తెరిచి మూశాను.

సాయంత్రం భిక్షపతి వచ్చాడు. నేను కత్తి చాపితే తీసుకోలేదు. భుజం మీది తువ్వాలు గడప ముందు పరిచి, "కింద పెట్టుండ్రి టీచరమ్మ" అన్నాడు.

మా వైపు కత్తి, కత్తెర, ఉప్పు, మిరపకాయలు చేతికి చేతికి ఇచ్చుకోరు. కింద పెడితే రెండోవాళ్లు తీసుకుంటారు. చేతికిస్తే ఆ ఇద్దరికీ తగువు అవుతుందని భయం. చర్చిలో గంట కొట్టే మనిషికి ఈ పట్టింపేమిటని నాకు ఒళ్లు మండింది.

"సిగ్గు లేదా? నా దగ్గర చదువుకొని గిదేం మాట? చెయ్యి చాపు!" అని గద్దించాను.

బడిలో బెత్తం దెబ్బకు చాపినట్టే చాపాడు. కత్తి ఆ అరచేతిలో పెట్టి గట్టిగా వేళ్లు మూశాను. ఆయన నవ్వి, "ఇగ మనకు తగువు గాకుండ యేసయ్యనే చూడాలె" అన్నాడు. కత్తి తెరిచి, మూసి, "అబ్బ, కొత్త కత్తి లెక్కయింది" అని మురిసిపోతూ బస్సెక్కాడు.

నాలుగు రోజుల్లో పదిహేను వందల మొక్కలకూ అంటు కట్టాడని తర్వాత తెలిసింది. నేను నా పనుల్లో ఆ సంగతే మరిచిపోయాను.

జనవరి రెండో వారంలో ఒక పొద్దున మొయినాబాద్ పోతూ బస్సులో ఉన్నాను. నా ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు.

"ఎంకపల్లి భిక్షపతి చెయ్యి పోయిందంట గద."

"అయ్యో! దెబ్బ తగిలిందా?"

"దెబ్బ గాదు. చేతి గుణం పోయింది. పదిహేను వందల గులాబీలు కడితే అన్ని నల్లగైనయంట. ఒక్కటి బతకలే."

నాకు బస్సు ఆగిపోయినట్టనిపించింది. ఒక్కటి కూడా బతకలేదా? భిక్షపతి కట్టినవా? మొయినాబాద్‌లో దిగి, నా పని వదిలేసి, ఆటో ఎక్కి నేరుగా జగదీశ్ నర్సరీకి పోయాను.

నిజమే. నల్ల కవర్లలో మొక్కలు వరసలు వరసలుగా ఉన్నాయి. పట్టీలు విప్పేశారు. ప్రతి మొక్క మీదా కన్ను ఉండాల్సిన చోట కాలిన మినపగింజలా నల్లటి మచ్చ. నడిచిన కొద్దీ అవే.  అటు చివర భిక్షపతి రబ్బరు పైపు పట్టుకుని నీళ్లు పెడుతున్నాడు. అంటు కట్టే మనిషి నీళ్లు పట్టే పనిలో ఉన్నాడు!

జగదీశ్ మొహం పీక్కుపోయి ఉంది. "ఆర్డరు పోయింది మేడం. ఆ కంపెనీవాళ్లు ఇంకెక్కడనో తీస్కుంటున్నరు. అన్నను పంపియ్యబుద్ధి కాలే. గందుకే నీళ్ల పని ఇచ్చిన" అన్నాడు.

నేను లంకించుకున్నాను. "చెయ్యి పోవుడేంది? చదువుకున్నోనివి కావా? కన్నులు వాడిపోయినయి తెచ్చి ఉంటరు. చలి దెబ్బ తగిలి ఉంటది. నీళ్లు ఎక్కువైనయేమో! కారణం దేవులాడాలె గని మనిషి చేతి మీద పెడ్తరా?"

"మేడం, కన్నులు గవే. నీళ్లు గవే. పక్క వరస వేరేటోళ్లు కట్టిండ్రు. సూడుండ్రి" అన్నాడు జగదీశ్.

చూశాను. పక్క వరస పచ్చగా ఉంది. నా కారణాలన్నీ అక్కడే వీగిపోయాయి. ఆ కోపం తీసుకుపోయి భిక్షపతి మీద చూపించాను. "నోరు లేదా నీకు? ఇంతమంది ఇన్ని మాటలంటుంటే గొడ్డు లెక్క నిలబడ్తవేంది? ఏమైందో నీకన్న ఎరుకనా, లేదా?"

భిక్షపతి తల పైకెత్తి ఆకాశం వైపు చూశాడు. నీళ్లు కవరు నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు.

పద్మమ్మ చెప్పిన కథ వందసార్లు విన్నదాన్ని. ఆ చూపుకు అర్థమేమిటో నాకు ఆ క్షణాన తట్టనే లేదు. "ఛీ, చేతగానోడా" అని విసుక్కుని వచ్చేశాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నా చెయ్యి నాకే అసహ్యంగా ఉంది.

రెండు వారాలు నాకు మనసున పట్టలేదు. శంకర్‌పల్లి వైపు నర్సరీ ఒకటి తెలిసినవాళ్లది ఉంది. అక్కడ ఆయన్ని పనికి పెట్టించాలని, ముందు ఆ కత్తి ఇంకోసారి విప్పి సాఫ్ చేసి ఇవ్వాలని అనుకుని ఎంకపల్లి బయల్దేరాను. చూడండి నా తెలివి!

ఊరి మొదట్లోనే అంతమ్మ మడి. ఎండకాలం టమాటకు నారు నాటే రోజు. కూలీలు గట్టు మీద కూర్చుని ఉన్నారు. భిక్షపతి స్నానం చేసి, ఆదివారం వేసుకునే తెల్లచొక్కా వేసుకుని, ఏటా వచ్చినట్టే వచ్చి నిలబడ్డాడు. అంతమ్మ నారు బుట్ట ఎత్తి చంకన పెట్టుకుని అటు తిరిగింది.

"ఈసారి నేనే పెట్టుకుంట తియ్ బిడ్డా. నువ్వు పో" అంది. గట్టిగా కూడా అనలేదు. చిన్నగా, సిగ్గుపడుతూ అంది.

భిక్షపతి కుడిచెయ్యి ఎడంచేత్తో పట్టుకుని వెనక్కి పెట్టుకున్నాడు. తర్వాత నర్సరీ దారి పట్టి వెళ్లిపోయాడు. నన్ను చూడలేదు. నేను ఆటోలోంచి దిగలేకపోయాను. 

ఇంటి దగ్గర పద్మమ్మ ఒక్కతే ఉంది. కత్తి ఇమ్మన్నాను. "దాన్ని ముట్టుకుంటలేడు టీచరమ్మ. పెట్టెల పెట్టిండు" అని లోపలికి పోయి, కాగితంలో చుట్టిన పొట్లం తెచ్చి నా ముందు అరుగు మీద కింద పెట్టింది. నేను తీసుకుని కాగితం విప్పాను.

అది గోడకు తగిలించే రోజువారీ క్యాలెండరు కాగితం. జనవరి ఆరు. అంటు పట్టీలు విప్పిన రోజు. ఎండ దాని మీద పడింది. కాగితం మధ్యలో చిటికెన వేలంత పొడుగున వెలుతురు ఇవతలికి కనిపిస్తోంది. పైకెత్తి పట్టుకున్నాను. బ్లేడు ఆకారం! అచ్చంగా బ్లేడు ఆకారంలో జిడ్డు మరక.

 ఈ పరీక్ష నాది. కాగితం మీద గింజ రుద్ది, వెలుతురుకు ఎత్తి పట్టి, "మరక ఇవతలికి కనబడితే నూనె ఉన్నట్టు" అని ముప్పై ఏళ్లు ఏడో తరగతికి నేర్పిన పరీక్ష. నూనె! గాడి పొడుగునా నేను పోసిన నూనె. ఆయన కత్తి మూసినప్పుడల్లా బ్లేడు అందులో మునిగింది. తెరిచినప్పుడల్లా ఆ నూనె గాటులోకి, కన్ను కిందికి పోయింది. నూనె అంటిన బెరడుకూ కన్నుకూ అతుకు పడుతుందా? పదిహేను వందల కళ్లూ నేనే పొడిచాను. చెయ్యి పోయిందన్న మాట ఆయనకు నేనే తగిలించాను. అరుగు మీద అలాగే కూలబడ్డాను. పద్మమ్మ భయపడి మంచినీళ్లు తెచ్చింది. తాగలేకపోయాను.

కబురు పంపితే భిక్షపతి వచ్చాడు. నా చేతిలో కాగితం చూసి ఆగిపోయాడు.

"ఇది నీకు ముందే ఎరుక" అన్నాను.

"పట్టీలు ఇప్పిన నాడే ఎరుకైంది. నల్లగైన కన్ను గోరుతోని లేపితే కింద నిగనిగలాడింది. ఇంటికొచ్చి కాయితం మీద రుద్ది సూసిన. మీరే నేర్పిండ్రు కద, పల్లిగింజ రుద్ది."

"మరి జగదీశ్‌కు ఎందుకు చెప్పలే? నేనొచ్చి అంతమందిల నిన్ను తిట్టిన. నాకన్న ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? నూనె అంటే ఎవరు పోసిండ్రని అడుగుతరు. నేను పోసినంటే అబద్ధం. మీరు పోసిండ్రంటే..." అని ఆగాడు.

"అంటే ఏమైతుండె? నిజమే కద!"

"చేతికి చేతికి తీసుకున్న టీచరమ్మ. వద్దనుకుంట కూడ తీసుకున్న. ఇగ మీ మీద చెప్తే తగువు అయినట్టే కద. పోయిన మొక్కలు ఎట్లయినా రావు. గా తగువు ఒక్కటి రానీయొద్దనుకున్న."

నాకు మతి పోయింది. ఇరవై రెండేళ్ల పేరు, పని, అంతమ్మ మడి గట్టు మీద మర్యాద, అన్నీ పోతుంటే ఈ మనిషి కాపాడుకున్నది నాతో మాటను! నేను వెక్కిరించిన నమ్మకాన్ని పట్టుకుని నన్ను కాచాడు.

"నా మీద కోపం రాలేదా నీకు?" అని అడిగాను. 

భిక్షపతి తల పైకెత్తి ఆకాశం చూశాడు.

ఈసారి నాకు అర్థమైంది. ఇన్నాళ్లూ ఆ కోపం లోపల పెట్టుకుని నాకు నమస్కారం పెడుతున్నాడు. నా జన్మలో ఎవరి ముందూ వంచని తల వంచుకుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే నర్సరీకి పోయి, జగదీశ్‌నూ, పనివాళ్లనూ, అంతమ్మనూ పిలిపించి అందరి ముందూ చెప్పాను. తప్పు భిక్షపతి చేతిది కాదు, నాది అన్నాను. నూనె సంగతి పూస గుచ్చినట్టు చెప్పాను. అంతా విని అంతమ్మ కళ్లు తుడుచుకుని ఏమందో తెలుసా?

"టీచరమ్మ మనసు బంగారం. పాపం, గాయన కోసం మీదేసుకుంటున్నది. కత్తికి నూనె రాస్తే మంచిదే గద!"

పనివాళ్లందరూ తలలూపారు. నేను దిమ్మెరపోయాను. ముప్పై ఏళ్లు నిజాలే చెప్పిన నోరు నాది. ఒక్కరోజు నా తప్పు నేను ఒప్పుకుంటే అబద్ధమంటున్నారు!

"నలభై మొక్కలు ఇయ్యి" అన్నాను జగదీశ్‌తో. పద్మమ్మ కత్తిని వేడినీళ్లలో ఉడకబెట్టి, కుంకుడు రసంతో రుద్ది, బొట్టు జిడ్డు లేకుండా తెచ్చింది. అందరి ఎదుటా భిక్షపతి దాంతో ఇరవై కట్టాడు. తర్వాత అదే కత్తికి నేనే నూనె పోసి ఇచ్చాను. ఇంకో ఇరవై కట్టాడు. నూనె కత్తితో మాత్రం ఒక్కో గాటుకూ ఆగి ఆగి కట్టాడు. చావబోయే మొక్క అని తెలిసీ అంటు కట్టడం ఆయన ఎన్నడూ చేయలేదు.

మూడు వారాలు నాకు అన్నం సయించలేదు. పట్టీలు విప్పే రోజు ఊరు సగం అక్కడే ఉంది. నూనె వరస విప్పారు. ఇరవైకి ఇరవై నలుపు. భిక్షపతి కడిగిన కత్తితో కట్టిన వరస ముందు గొంతుక్కూర్చుని మొదటి పట్టీ విప్పాడు. పచ్చగా, జొన్నగింజంత ఉబ్బి ఉంది కన్ను. రెండోది పచ్చ. మూడోది పచ్చ. మొత్తం పందొమ్మిది బతికాయి. జగదీశ్ ఫోను జేబులో పెట్టేసి, "అన్నా, రేపటి సంది నీళ్లు వేరేటోళ్లు పెడ్తరు. అంటు పని మొత్తం నీదే" అన్నాడు. అంతమ్మ ఇంటికి పోయి మిరప నారు బుట్ట తెచ్చి భిక్షపతి కాళ్ల దగ్గర పెట్టి నిలబడింది. పందొమ్మిది పచ్చటి కళ్లు చూసి కూడా ఆమెకు కనిపించింది చెయ్యే. నేను నోరెత్తలేదు.

వారం తర్వాత భిక్షపతి చేవెళ్లలో మా ఇంటి ముందు నిలబడ్డాడు. కత్తి తీసి అరుగు మీద పెట్టాడు.

"ఉడకబెట్టినం కద, మల్ల బిగుసుకపోయింది. సాఫ్ చేసి ఇస్తరా?"

"నేనా?" అన్నాను. నిజంగా అదిరిపడ్డాను. "నన్నే అడుగుతున్నవా?"

"ఇంకెవరికి వస్తది టీచరమ్మ?"

ఆయన ఎదుటే విప్పాను. మరలు గిన్నె మూతలో పెట్టాను. బిళ్లలు తోమాను, గాడి తుడిచాను, తడి లేకుండా ఆరబెట్టాను. సూది మొన నూనెలో ముంచి, ఇరుసు దగ్గర ఒకే ఒక్క చుక్క పెట్టాను. బిగించి, పదిసార్లు తెరిచి మూసి, బయటికి ఊరిన నూనెంతా గుడ్డతో తీసేశాను. బ్లేడును సబ్బునీళ్లతో కడిగి, దూదితో స్పిరిటు రాసి తుడిచాను. చివరకు క్యాలెండరు కాగితం ఒకటి చింపి, బ్లేడు దాని మీద రుద్ది, ఎండకు ఎత్తి పట్టాను. ఇద్దరం చూశాం. మరక లేదు.

కత్తి మడిచి, లేచి వెళ్లి, ఆయన ముందు గడప దగ్గర కింద పెట్టాను. నేను, శకుంతలమ్మ టీచర్ని, కత్తి కింద పెట్టాను.

భిక్షపతి దాన్ని తీసుకోలేదు. చెయ్యి చాపాడు.

"చేతికియ్యుండ్రి" అన్నాడు.

"వద్దయ్యా. ఒక్కసారి ఇచ్చినందుకే చాలు" అన్నాను. చాపిన చెయ్యి అలాగే ఉంది. ఉండబట్టలేక అడిగాను, "నా మీద కోపం పోయిందా?"

ఆయన ఆకాశం వైపు చూస్తాడేమోనని భయపడ్డాను. చూడలేదు. నా మొహంలోకే సూటిగా చూశాడు.

"ఇంకా జర ఉన్నది టీచరమ్మ" అన్నాడు. "అయినా ఇయ్యుండ్రి."

కత్తి తీసి ఆయన అరచేతిలో పెట్టాను.